ఆకలా, పులుపా?

సూక్ష్మజీవుల మీద ఇంట్లో గొడవలు పడతారా అంటే, గుడియాత్తంలో పడతారు. నెల్లూరుపేటలో నాకు తెలిసిన కుటుంబం ఒకటుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఆ ఇంటి మామ పేర్నంబట్టు వైపు ట్యానరీల మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటులో కెమిస్టుగా చేసి రిటైరయ్యాడు. మేనకోడలు వేలూరులో ఒక ల్యాబులో మైక్రోబయాలజిస్టు. సెలవు దొరికితే బస్సెక్కి ఇక్కడికే వస్తుంది. ఇద్దరికీ అన్నం పెట్టింది బ్యాక్టీరియానే. ఆయన వాటిని మేపి పని చేయించుకున్నాడు, ఆమె వాటిని పట్టుకుని పేరు చెబుతుంది.

గొడవ ఒక్క ప్రశ్న మీద. అన్నీ అమరితే ఈకోలై లాంటి బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెండింతలవుతుంది. ఆ లెక్క అట్లాగే సాగితే రెండు రోజుల్లో దాని బరువు భూమి బరువును మించిపోవాలి. మించదు. ఏ గిన్నెలోనైనా కొంతసేపటికి ఆ పెరుగుదల ఆగిపోతుంది. ఎందుకు? తిండి అయిపోయి, అంటాడు మామ. తాను వదిలిన చెత్తే తనకు అడ్డమై, అంటుంది కోడలు. ఆ పూట వాళ్లు మాట్లాడుకున్నది గుర్తున్నంతలో రాస్తున్నాను. మధ్యలో తమిళంలో పడ్డ చురకలు వదిలేశాను.

మామ: ఇందులో వాదించడానికి ఏముందమ్మా? సర్వీసంతా నేను వేసింది ఒకటే లెక్క. ట్యాంకులోకి వచ్చే తిండి ఎంత, లోపల తినే నోళ్లు ఎన్ని. మేం ఎఫ్ బై ఎం అంటాం. బీఓడీ, అంటే నీళ్లలో వచ్చే ఆ తిండి, ఎక్కువొచ్చిన రోజుల్లో బురద తెగ పెరిగేది, తీసి ఆరబెట్టలేక చచ్చేవాళ్లం. పండగకు ట్యానరీలు మూస్తే అదే బురద చిక్కిపోయేది. ఒంట్లో దాచుకున్నదీ, పక్కన చచ్చినవాటిలోంచి కారినదీ తిని బతికేది. పెడితే పెరిగింది, మానేస్తే తగ్గింది. ఇంకేం రుజువు కావాలి నీకు?

మేనకోడలు: మీకు అనుకూలమైన సాక్షినే పిలిచారు మామా. అది గాలి కొట్టే ట్యాంకు. నీళ్లు ఒక పక్క వస్తుంటాయి, ఇంకో పక్క పోతుంటాయి. ఆక్సిజన్ అందుతుంది గనక తిన్నదాన్ని చివరిదాకా కాల్చేస్తాయి. వదిలేది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడు, అది బుడగలతో పాటు గాల్లోకి పోతుంది. చెత్త నిలిచే వీలే లేదక్కడ. చెత్త నిలవని చోట ఆకలే హద్దు, అంతవరకు ఒప్పుకుంటాను. మూతపెట్టిన గిన్నె సంగతి చెప్పండి. రాత్రి అత్త తోడుపెట్టిన పెరుగు సంగతి చెప్పండి.

మామ: పెరుగుకేముంది? పాలలో తీపి తిన్నాయి, అయిపోయింది, ఆగాయి.

మేనకోడలు: అయిపోలేదు. పాలలో ల్యాక్టోజ్ నూటికి ఐదు పాళ్లకు కాస్త తక్కువ ఉంటుంది. పెరుగు గట్టిగా తోడుకునేసరికి అందులో నాలుగోవంతు, మహా అయితే మూడోవంతు ఖర్చవుతుంది. మిగతాది అట్లాగే ఉంటుంది. పళ్లెంలో ముప్పాతిక అన్నం ఉండగానే మనిషి చెయ్యి కడుక్కుంటే, అన్నం చాలక లేచాడంటారా?

మామ: చక్కెర ఒక్కటే తిండా? లీబిగ్‌ను చదివే ఉంటావు. పైరుకు పది పోషకాలు కావాలంటే, తొమ్మిది దండిగా ఉన్నా పదోది లేకపోతే ఎదుగుదల అక్కడే ఆగుతుంది. ల్యాక్టోజ్ మిగిలిందంటే నత్రజనో, ఏదో విటమినో ముందు అయిపోయిందేమో. మిగిలిన అన్నం చూపించి కూర కూడా ఉందని ఎట్లా చెబుతావు?

దెబ్బ గట్టిదే. చక్కెర మిగిలిందన్నంత మాత్రాన ఆకలి కాదని తేలదు. నేనైతే అక్కడే తడబడేవాణ్ణి. ఆమె తడబడలేదు.

మేనకోడలు: దానికి వాదన ఎందుకు, పరీక్ష చేస్తే పోతుంది. ఆగిపోయినదాంట్లో నత్రజని వెయ్యకండి, విటమిను వెయ్యకండి, సుద్ద మాత్రం వేసి చూడండి. మళ్లీ కదులుతాయి. ల్యాక్టిక్ ఆమ్లం తయారుచేసి అమ్ముకునే ఫ్యాక్టరీలు చేసేది ఇదే కదా. చక్కెర నీళ్లలో బ్యాక్టీరియాను వదిలి, ఆమ్లం పుట్టింది పుట్టినట్టు సుద్దతోనో సున్నంతోనో విరిచేస్తారు. విరవకపోతే బోలెడంత చక్కెర మిగిలిపోయి, బేరం గిట్టదు. 1959లో ల్యూడెకింగ్, పిరెట్ అని ఇద్దరు అమెరికాలో ఈ పని పద్ధతిగా చేశారు. పీహెచ్‌ను ఒక్కో అంకె దగ్గర కదలకుండా పట్టి ఉంచి బ్యాక్టీరియా వేగం కొలిచారు. అదే తిండి. ఆరు దగ్గర చురుగ్గా ఉన్నది నాలుగున్నరకు వచ్చేసరికి నత్తనడక. ఫెర్మెంటర్ల పాఠంలో ఇప్పటికీ వాళ్ల సమీకరణం చెబుతారు.

మామ: సరే, పులుపే అడ్డమనుకుందాం. ఎట్లా అడ్డం? ఆ పులుపు చేసిందే అది కదా. తాను చేసుకున్నది తనకే తగులుతుందా?

మేనకోడలు: తగులుతుంది, అది కూడా దొంగదారిన. ఈ ఆమ్లాలు నీళ్లలో రెండు రూపాల్లో ఉంటాయి. హైడ్రోజన్ అయాన్ ఒక పక్క, మిగతా ముక్క ఒక పక్క విడిపోయినవి కొన్ని. విడిపోకుండా జంటగా ఉన్నవి కొన్ని. విడిపోయినదానికి ఆవేశం ఉంటుంది గనక బ్యాక్టీరియా చుట్టూ ఉన్న కొవ్వు పొర దాన్ని ఆపేస్తుంది. జంటకు ఆవేశం లేదు, పొరలోంచి జారిపోతుంది. బయట పులుపు ఎక్కేకొద్దీ జంటలు ఎక్కువవుతాయి. ఎసిటిక్ ఆమ్లానికి పీహెచ్ 4.76 దగ్గర సగానికి సగం జంటలే. ల్యాక్టిక్‌కైతే 3.86 దగ్గర. లోపల పులుపు అంత ఉండదు గనక, చేరిన జంట చేరినట్టే విడిపోతుంది. హైడ్రోజన్ లోపలంతా పులుపు చేస్తుంది. రెండో ముక్క బయటపడలేక లోపలే పేరుకుంటుంది. ఆ హైడ్రోజన్‌ను బయటికి తోడిపోయకపోతే కణం చస్తుంది, తోడాలంటే శక్తి కావాలి. తిన్నదంతా తోడడానికే సరిపోతే ఇంక పెరిగేదెప్పుడు? అందుకే పెరుగులో పెరగడం ఆగిపోయాక కూడా పులుపు ఎక్కుతూనే ఉంటుంది. అవి తినడం మానలేదు మామా, పెరగలేకపోతున్నాయంతే.

మామ: హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసినా ఇంతేనా?

మేనకోడలు: ఇంత కాదు. అది నీళ్లలో పూర్తిగా విడిపోతుంది, జంటలుండవు. ఒకే పీహెచ్‌కు తెచ్చినా వెనిగర్ కొట్టే దెబ్బ అది కొట్టలేదు. పచ్చడి సీసాలో వెనిగర్ పోసేది రుచికొక్కదానికే కాదు కదా.

ఇంతలో లోపలినుంచి అత్త కేకేసింది: "మీ గొడవ తరవాత, పిండి మూతను తోసేస్తా ఉంది, ఎవరన్నా తీసి ఫ్రిజ్‌లో పెట్టండి." కోడలు లేచి తపేలా మూత తీసింది. ఉద్దిపప్పూ బియ్యమూ రుబ్బిన పిండి అంచుదాకా వచ్చి ఉంది. పైన బుడగలు, కొన్ని పగిలి గుంటలు పడ్డాయి. గరిటె దించితే సన్నగా చర్రుమని గాలి పోయింది. వేలూరు ఎండల్లో ఇడ్లీపిండిని రాత్రంతా బయట వదిలేసే ధైర్యం ఎవరూ చెయ్యరు. ఆమె పిండిని లోపల పెట్టొచ్చింది గానీ, వాదనను మాత్రం పిండి దగ్గర్నించే ఎత్తుకుంది.

మేనకోడలు: ఈ పొంగును తెచ్చేది ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ మెసెంటిరాయిడిస్ అనే బ్యాక్టీరియా అని 1965లోనే తేల్చారు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు, స్టైన్‌క్రాస్ బృందం. అది ల్యాక్టిక్ ఆమ్లంతో పాటు కార్బన్ డయాక్సైడు కూడా వదులుతుంది, పిండి ఉబ్బేది దానివల్లే. కొన్ని గంటలకు దాని ఆమ్లమే దాన్ని నిలబెట్టేస్తుంది. అప్పుడు పులుపుకు ఇంకా ఎక్కువ ఓర్చుకునే రకాలు అందుకుంటాయి. పొంగు పడిపోతుంది, పులుపు పెరుగుతుంది. ఆ రోజు అత్త ఇడ్లీ మానేసి దోసె పోస్తుంది.

మామ: అదీ, నువ్వే చెప్పావు! ఆగింది ఒక జాతి. పెరుగుదల ఆగలేదు, చేతులు మారింది. తిండి ఉన్నంతవరకు ఎవరో ఒకరు తింటూనే ఉంటారు. గిన్నె మొత్తం లెక్క తీస్తే చివరికి హద్దు తిండే.

మేనకోడలు: గిన్నె మొత్తం లెక్కలోనూ పిండి అరవై రోజులకైనా నీళ్లు కాదు కదా. బియ్యంలో గంజి అంతా అట్లాగే ఉంటుంది.

మామ: పెద్దవాళ్ల మాట కూడా విను. పాశ్చర్ 1880లో కోడికలరా సూక్ష్మజీవితో ఇదే చూశాడు. రసంలో దాన్ని పెంచాడు, పెరిగి ఆగింది. వడగట్టి, ఆ తేట రసంలో మళ్లీ విత్తితే మొలవలేదు. తిండి అయిపోయిందా, విషం చేరిందా? నీకూ నాకూ వచ్చిన ప్రశ్నే ఆయనకూ వచ్చింది. ఆ పాత రసానికే కొత్త తిండి చేర్చి చూస్తే మొలిచింది. కాబట్టి అందులో విషం లేదు, తిండే లేదు అన్నాడు.

మేనకోడలు: అవును. ఆయన దేశంవాడే షోవో కాదన్నాడు. ఏదో అడ్డుకునే పదార్థం వెనక మిగిలిపోతుందని ఆయన పట్టుబట్టాడు. అసలు ఇద్దరూ వెతికింది వేరే జవాబు. ఒకసారి వచ్చిన రోగం మళ్లీ ఎందుకు రాదు అని. శరీరంలో ఆ సూక్ష్మజీవి తిండి అయిపోయింది గనక అని పాశ్చర్, దాని విషం మిగిలింది గనక అని షోవో. రోగనిరోధక శక్తి విషయంలో ఇద్దరూ తప్పే. గిన్నె విషయంలో మాత్రం ఎవరు ఏ గిన్నె చూశారో దాన్నిబట్టి ఇద్దరూ ఒప్పే. కోడికలరా రసంలో తేలింది పెరుగుకు అతికించకండి.

మామ: మోనో? ఆయన నోబెల్ పొందినవాడు. 1942లో అచ్చయిన డాక్టరేట్ థీసిస్‌లో చక్కెర రెండింతలు వేస్తే పంట రెండింతలొస్తుందని గీత గీసి చూపించాడు. మా ఎఫ్ బై ఎం లెక్కలన్నిటికీ అదే కదా పునాది.

మేనకోడలు: చక్కెర ఎంత వేశాడో చూశారా? చాలా తక్కువ. అంత తక్కువ వేస్తే చెత్త చేరేలోపే తిండి అయిపోతుంది, గీత తిన్నగానే వస్తుంది. కాలిఫోర్నియాలో లెన్‌స్కీ 1988లో మొదలుపెట్టిన ఈకోలై ప్రయోగమూ అంతే. లీటరుకు 25 మిల్లీగ్రాముల గ్లూకోజ్. అక్కడ ఆకలే హద్దుగా ఉండాలని కావాలనే అట్లా పెట్టారు. అదే ఈకోలైకి గ్లూకోజ్ గుమ్మరించండి. ఆక్సిజన్ ఉన్నా సరే, పూర్తిగా కాల్చుకోలేక సగంలో ఎసిటేట్‌గా బయట పోస్తుంది. అది పేరుకుంటే తానే కుంటుతుంది. ఈకోలైతో మందుల ప్రొటీన్లు తయారుచేసే కంపెనీలన్నిటికీ ఇదే తలనొప్పి. అందుకే గ్లూకోజ్‌ను ఒక్కసారి పోసెయ్యరు, చుక్కచుక్కగా వదులుతారు. ఎక్కువ పంట కావాలంటే తక్కువ తిండి పెట్టాలి. మీ సిద్ధాంతంలో దీనికి చోటెక్కడ?

మామ జవాబు చెప్పలేదు. కాఫీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. ఆమె అదను చూసుకుంది.

మేనకోడలు: సరే, మీ ప్లాంటుకే వద్దాం. గాలి కొట్టే ట్యాంకు కాదు, గాలి తగలని ట్యాంకు. మీథేన్ వచ్చేది. అది ఎప్పుడన్నా పాడైతే ఏం చేసేవారు?

మామ: పులిసిపోయేది. ముందర ఉండే బ్యాక్టీరియా మురుగును ఆమ్లాలుగా విరిచేది, వెనకుండేవి ఆ ఆమ్లాన్ని తిని మీథేన్ చేసేవి. వెనకవి మందం. లోడు ఒక్కసారిగా పెరిగితే అందుకోలేవు. ఆమ్లం పేరుకుని, పీహెచ్ ఆరున్నర కిందికి పడి, గ్యాస్ ఆగిపోయేది. వాసనకే తెలిసిపోయేది.

మేనకోడలు: అప్పుడేం చేసేవారు?

మామ: సున్నం వేసేవాళ్లం. ఫీడు ఆపేసేవాళ్లం.

మేనకోడలు: ఏం ఆపేవారు?

మామ: ఫీడమ్మా... (నవ్వి) సరే, తిండి ఆపేవాళ్లం.

మేనకోడలు: ఆకలితో పడిపోయినవాడికి మందు తిండి ఆపడమా మామా?

గుడియాత్తంలో ఆ వీధిలో ఉన్నవాళ్లందరికీ ఆయన నవ్వు వినిపించి ఉంటుంది. ఓడినప్పుడు గట్టిగా నవ్వడం ఆయన అలవాటు. అయితే అక్కడితో వాదన ముగియలేదు. నిజానికి అసలు మాటలు అక్కణ్నించే మొదలయ్యాయి, అదీ మామ వైపు నుంచి.

మామ: నా దగ్గర ఇంకో సాక్ష్యం ఉంది, అది నీకే పనికొస్తుంది, ఇచ్చేస్తున్నాను. ట్యానరీ మురుగులో సల్ఫేట్ దండిగా ఉంటుంది, క్రోమ్ టానింగ్ నుంచి వచ్చేదే. వెంట్రుకలు ఊడగొట్టడానికి సున్నంతో పాటు సోడియం సల్ఫైడు వేస్తారు, అదీ వస్తుంది. గాలి లేని చోట సల్ఫేట్‌ను పీల్చి బతికే బ్యాక్టీరియా ఉంటాయి. మనం ఆక్సిజన్ పీల్చినట్టు అవి సల్ఫేట్‌ను వాడుకుంటాయి. వదిలేది హైడ్రోజన్ సల్ఫైడు, కుళ్లిన గుడ్డు వాసన. అది మీథేన్ చేసేవాటిని కొడుతుంది. మోతాదు పెరిగితే వదిలినవాటినే కొడుతుంది. ఇందాక నువ్వు చెప్పిన జంటల సంగతి ఇక్కడా ఉంది. పీహెచ్ ఏడు దగ్గర సగం విడిపోని రూపంలో ఉంటుంది, దెబ్బకొట్టేది అదే. పీహెచ్ ఎనిమిదికి తెస్తే చాలామటుకు కోరలు పీకినట్టే. మనుషుల్ని కూడా వదలదది. ట్యాంకుల్లో దిగి పోయినవాళ్ల కథలు ఈ జిల్లాలో నీకు ఎవరైనా చెబుతారు.

మేనకోడలు: మరి ఇన్నాళ్లూ తిండి, తిండి అని ఎందుకు పట్టుకున్నారు?

మామ: ఎందుకంటే మీరు 'విషం' అని చెప్పి ఊరుకుంటారు. ఎవరికి విషం? మా ట్యాంకులో ముందువాళ్లకు ఏది చెత్తో వెనకవాళ్లకు అదే భోజనం. వెనకవాళ్లు బాగున్నంతకాలం ఆమ్లం పేరుకోదు, ముందువాళ్లు హాయిగా పెరుగుతారు. కాబట్టి హద్దు పెట్టింది ఆమ్లం అని నువ్వంటే, హద్దు పెట్టింది ఆమ్లాన్ని తినేవాడు లేకపోవడం అని నేనంటాను. గిన్నెకు మూతపెట్టి ఒకే జాతిని పెంచేది మీ ల్యాబువాళ్లే. బయట ఏ మురుక్కాలవలోనూ ఒకే జాతి ఉండదు.

మేనకోడలు: అది ఒప్పుకుంటాను. ఈకోలై కూడా గ్లూకోజ్ అయిపోయాక తాను పోసిన ఎసిటేట్‌నే మళ్లీ తింటుంది. గ్లూకోజ్ తక్కువపెట్టి తరాల తరబడి పెంచితే, ఎసిటేట్ మీదే బతకడంలో ఆరితేరిన రకాలు అందులోంచే పుట్టుకొస్తాయి. మా వేలూరు సీఎంసీ ఆసుపత్రి నుంచే ఇంకో మంచి ఉదాహరణ. 2000లో రామకృష్ణగారి బృందం న్యూ ఇంగ్లాండ్ జర్నల్‌లో రాసింది. కలరా రోగులకిచ్చే ఓఆర్‌ఎస్‌లో చిన్నపేగులో అరగని మొక్కజొన్న పిండిని కలిపారు. అది పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి పొట్టి గొలుసు కొవ్వు ఆమ్లాలు వదులుతుంది. ఆ ఆమ్లాలను పేగు గోడ పీల్చుకునేటప్పుడు వాటితో పాటు ఉప్పూ నీళ్లూ లోపలికి వస్తాయి. విరేచనాలు తగ్గాయి, త్వరగా కట్టాయి. బ్యాక్టీరియా చెత్త మన పేగుకు భోజనం. పేగు పీల్చుకుంటుంది గనక ఆ చెత్త అక్కడ పేరుకోదు, బ్యాక్టీరియాకూ ఇబ్బంది లేదు. అయితే మామా, తినేవాడి కోసం ఎదురుచూడడమే కాదు, ఇంకో దారి కూడా ఉంది. వదిలే చెత్తనే మార్చుకోవడం.

మామ: అదెట్లా?

మేనకోడలు: ల్యాబులో చేతికి దొరికేట్టు చూపించగలను. గ్లూకోజ్, పెప్టోను, ఫాస్ఫేటు వేసిన రసం రెండు ట్యూబుల్లో పోసి, ఒకదాంట్లో ఈకోలై, ఇంకోదాంట్లో క్లెబ్సియెల్లా వేసి 37 డిగ్రీల దగ్గర రెండు రోజులుంచుతాం. మిథైల్ రెడ్ ఐదు చుక్కలు వేస్తే ఈకోలై ట్యూబు ఎర్రగా నిలుస్తుంది. పీహెచ్ 4.4 కిందికి పోయిందన్నమాట. క్లెబ్సియెల్లా ట్యూబు పసుపు. అదే చక్కెర తిన్నది, అంత పులుపు చెయ్యలేదు. మరి ఏం చేసింది? వేరే భాగానికి ఆల్ఫా నాఫ్తాల్ వేసి, 40 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి, గాలి తగిలేట్టు కుదిపి పెడతాం. పది, పదిహేను నిమిషాలకు పైనుంచి గులాబీ ఎరుపు దిగుతుంది. అసిటాయిన్. పులుపు లేని చెత్త అది. చక్కెరను ఆమ్లంగా కాకుండా అసిటాయిన్‌గా, బ్యూటేన్‌డయాల్‌గా వదిలేస్తే ఇల్లు పులవదు. వోగెస్, ప్రోస్కావర్ అనే ఇద్దరు 1898లో కనిపెట్టిన పరీక్ష ఇది. ఇప్పటికీ ప్రతి మైక్రోబయాలజీ విద్యార్థీ చేస్తాడు, ఎందుకు ఎరుపో చాలామంది అడగరు.

మామ: ట్యూబులో రంగు సరే. దానివల్ల లోకంలో ఏం జరిగింది?

మేనకోడలు: కలరా మారిపోయింది. పాత కలరా, అంటే క్లాసికల్ రకం, ఈ పరీక్షలో ఎరుపు చూపదు. ఎల్ టోర్ రకం చూపుతుంది. 1961లో ఇండోనేషియాలో సులవేసి దీవి నుంచి బయల్దేరిన ఎల్ టోర్ 1964కల్లా మన దేశం చేరింది. చివరికి క్లాసికల్ రకాన్ని దాదాపు తుడిచిపెట్టేసింది. యూన్, మెకలనోస్ 2006లో చూపించింది ఏమంటే, గ్లూకోజ్ ఎక్కువున్న రసంలో క్లాసికల్ రకం తన ఆమ్లాల్లో తానే చచ్చిపోతుంది. ఎల్ టోర్ చక్కెరలో కొంత భాగాన్ని బ్యూటేన్‌డయాల్‌గా మళ్లించి బతుకుతుంది. ఎల్ టోర్ గెలుపుకు ఇదొక్కటే కారణమని నేననను. బయట నీళ్లలో ఎక్కువకాలం బతకడం, రోగం కనిపించకుండా ఎక్కువమందిలో ఉండిపోవడం, ఇట్లా ఇంకా ఉన్నాయి. కానీ ఇదీ ఒక కారణమై ఉంటుందని నమ్ముతాను.

మామ: వేలూరులో కలరా ఉన్నట్టు నాకు బాగా గుర్తు.

మేనకోడలు: గుర్తుండకపోవడమేముంది. 1992లో మద్రాసులో, ఇక్కడా కొత్త రకం కనిపించింది, తరవాత దానికి ఓ139 అని పేరుపెట్టారు. అప్పటిదాకా పెద్ద వ్యాప్తులన్నీ ఓ1 అనే రకానివే గనక ప్రపంచమంతా ఉలిక్కిపడింది. వేలూరులో ఎల్ టోర్ తగ్గి ఈ ఓ1 కానిది పైకొచ్చిందని సీఎంసీ డాక్టర్లు 1993లో లాన్సెట్‌లో రాశారు. ఆ కొత్తదీ ఎల్ టోర్ వంశమే, పై కోటు మార్చుకుందంతే.

నన్ను తీర్పు అడిగారు గనక చెప్పాను. మూతపెట్టి, దండిగా తీపి ఉన్న గిన్నె అయితే కోడలి మాటే చెల్లుతుంది. పారే నీళ్లలో, తిండి పలచగా ఉన్నచోట మామ మాట. మామ రెండో వాదన, తినేవాడు లేకపోవడమే హద్దు అన్నది, నాకు ఇద్దరి మొదటి వాదనలకన్నా నచ్చింది. కోడలికి ఈ తీర్పు నచ్చలేదని ముఖం చూస్తేనే తెలిసింది. ఇంతలో మామ లేచి, వీధి చివర ఎండిపోయి ఉన్న కౌండిన్యనది వైపు చూపిస్తూ కొత్త పేచీ తీశాడు.

మామ: తినేవాడు వస్తే హద్దు తొలుగుతుందని ఇప్పుడు ఇద్దరం ఒప్పుకున్నాం. మరి ఈ నీళ్లన్నీ పోయి కలిసే పాలారు సంగతేం చేస్తావు? 1996 ఆగస్టు 28న వేలూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కలుషితం చేసినవాడే చెల్లించాలని అంది. ట్యానరీలకు జరిమానా వేసింది, శుద్ధి ప్లాంటు లేనిదే నడపొద్దంది. మేం ప్లాంటులు నడిపాం. బీఓడీని బ్యాక్టీరియా తిన్నది. సల్ఫైడును గాలితో విరిచాం. క్రోమియంను సున్నంతో కిందికి దించాం, అది బురదలో ఉండిపోయింది. ఉప్పు మాత్రం వచ్చింది వచ్చినట్టే బయటికి పోయింది.

మేనకోడలు: పచ్చి తోళ్లు కుళ్లకుండా చల్లే ఉప్పు కదా.

మామ: అదే. బ్యాక్టీరియా పెరగకూడదనే కదా చల్లేది. తోళ్లు కడిగిన మొదటి నీళ్లలోనే కరిగి వస్తుంది. మా ట్యాంకులో ఏ జాతీ దాన్ని తినదు, తినలేదు. కార్బన్ ఉంటే కాల్చుకుంటుంది, సల్ఫేట్ ఉంటే పీల్చుకుంటుంది, సోడియం క్లోరైడును ఏం చేసుకుంటుంది? దాంట్లోంచి లాగడానికి శక్తే లేదు. పులుపుకు సున్నం ఉంది, సల్ఫైడుకు గాలి ఉంది, దీనికి ఏదీ లేదు. ఏళ్ల తరబడి అట్లా పోయి పాలారు ఒడ్డు బావులు ఉప్పుబావులయ్యాయి. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట చుట్టుపక్కల ఎన్ని కొబ్బరితోటలు పోయాయో రైతుల్నే అడుగు.

మేనకోడలు: తరవాత రివర్స్ ఆస్మోసిస్ పెట్టారు కదా.

మామ: పెట్టాం. చుక్క నీరు బయటికి వదలకూడదన్నారు. పొరల్లోంచి నీళ్లు వెనక్కి తీసి ట్యానరీలకే ఇస్తున్నారు. మిగిలిన చిక్కటి ఉప్పునీళ్లను ఆవిరి చేస్తే గడ్డ ఉప్పు వస్తుంది. అందులో క్లోరైడూ సల్ఫేటూ కలిసి ఉంటాయి, ఇంకా ఏవేవో ఉంటాయి. తినడానికి పనికిరాదు, మళ్లీ తోళ్లకు చల్లడానికీ చాలామటుకు పనికిరాదు. దాన్ని ప్లాస్టిక్ సంచుల్లో నింపి, వాన తగలకుండా ప్లాంటుల్లోనే షెడ్లు వేసి పేరుస్తున్నారు.